నల్లనూనె పరీక్ష: ఉత్తర సర్కారుల్లో మాలకంగుని, బెరిబెరి

1.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తర్వాత మీరు:
– 19వ శతాబ్దంలో తెలుగు కోస్తాలో మాలకంగుని గింజల నుంచి తీసిన నల్లనూనెను ఏ వ్యాధికి, ఏ ఆశతో వాడారో వివరించగలుగుతారు.
– ఒక మందు 'ఫలితం చూపడం', 'వ్యాధిని నయం చేయడం' అనే రెండింటి మధ్య తేడాను చారిత్రక ఉదాహరణతో చెప్పగలుగుతారు.
– మూలికల పరీక్షకు సంబంధించిన పాత నివేదికలను చదివేటప్పుడు ఏ ప్రశ్నలు వేసుకోవాలో గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

మోకాళ్ల నొప్పికి ఫలానా నూనె రాస్తే తగ్గుతుందని మీ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట నిజమా, కాదా అని తేల్చాలంటే ఏం చేయాలి? నూనె రాసుకున్నవారిని అడిగితే సరిపోతుందా? నొప్పి తగ్గిందంటే అది నూనె వల్లనా, మర్దన వల్లనా, విశ్రాంతి వల్లనా, లేక నాలుగు రోజులు గడిచినందువల్లనా?

వైద్య చరిత్రలో ఇది చాలా పాత ప్రశ్న. మన ప్రాంతంలోనే, దాదాపు 200 ఏళ్ల క్రితం, సైనిక వైద్యులు ఒక స్థానిక మూలికా తైలాన్ని తీసుకుని రోగుల మీద వాడి చూశారు. దాన్ని గొప్ప ఉత్తేజక ఔషధమని మెచ్చుకున్నారు. అధికారిక ఔషధ గ్రంథంలో దానికి చోటు కూడా దక్కింది. అయితే ఆ వ్యాధికి అసలు కారణం వేరే చోట ఉందని తెలియడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. ఆ తైలం కథ ఈ పాఠంలో మన అధ్యయన విషయం.

1.2 వ్యాధి: తీరాన్ని పట్టిన బలహీనత

గంజాం నుంచి గుంటూరు వరకు ఉన్న కోస్తా భూభాగాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీ కాలంలో ఉత్తర సర్కారులు అని పిలిచేవారు. అక్కడి దండుల్లో బెరిబెరి అనే వ్యాధి సైనిక వైద్యులను చాలా కాలం కలవరపెట్టింది. మొదట కాళ్లు తిమ్మిరెక్కేవి. పిక్కలు నొక్కితే నొప్పి పుట్టేది. నడక తడబడేది. కొందరిలో ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసం పెరిగి, గుండె ఆగి మరణం సంభవించేది. బలంగా కనిపించే సిపాయి కొద్ది వారాల్లో లేవలేని స్థితికి చేరేవాడు.

మద్రాసు సైనిక వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ ఈ వ్యాధి చరిత్ర, చికిత్సల మీద రాసిన గ్రంథం 1835లో మద్రాసులో వెలువడింది. ఆ కాలపు వైద్యులు ఒక విషయాన్ని స్పష్టంగా గమనించారు. ఈ వ్యాధి సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. ఈ పరిశీలన సరైనదే. దాని నుంచి వారు తీసిన అర్థం మాత్రం వేరు. సముద్రపు గాలి, చెమ్మ, రాత్రిపూట చలి శరీరంలోని నాడులను మొద్దుబరుస్తాయని వారు ఊహించారు.

ఈ ఊహను గుర్తుంచుకోండి. వ్యాధికి ఏ కారణం ఊహిస్తామో దాన్ని బట్టే మందును ఎంచుకుంటాం. చలి, చెమ్మ, మొద్దుబారడం కారణమనుకుంటే, ఒంటికి వేడి పుట్టించి, చెమట పట్టించి, నాడులను కదిలించే మందు కావాలనిపిస్తుంది. అంటే ఉత్తేజకం కావాలి.

1.3 మొక్క, నూనె

మాలకంగుని అడవుల్లో చెట్లను అల్లుకుని పెరిగే గట్టి తీగ. సంస్కృత వైద్య గ్రంథాల్లో దీన్ని జ్యోతిష్మతి అంటారు. తెలుగు ప్రాంతాల్లో బావంజి, మానేరు వంటి పేర్లూ ఉన్నాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు సెలాస్ట్రస్ పానిక్యులేటస్. పసుపుపచ్చని కాయ పగిలితే లోపల ఎర్రని పొరతో గింజలు కనిపిస్తాయి. ఆ గింజల నూనెను వాతపు నొప్పులకు, కీళ్ల బిగువుకు పైపూతగా, జ్ఞాపకశక్తికి లోపలి మందుగా సంప్రదాయ వైద్యులు వాడుతూ వచ్చారు.

అయితే బెరిబెరికి వాడినది గానుగలో ఆడిన మామూలు నూనె కాదు. మాలకంగుని గింజలకు సాంబ్రాణి జాతి బంక, లవంగాలు, జాజికాయ, జాపత్రి చేర్చి, మూసిన పాత్రలో బాగా కాల్చి దింపిన నల్లని ద్రవం అది. మన వైద్యులు పాతాళ యంత్రం అని పిలిచే పద్ధతి ఈ కోవలోనిదే. పై కుండలో సరుకు మాడుతుంటే దాని సారం కింది పాత్రలోకి బొట్లుబొట్లుగా దిగుతుంది. లాటిన్ భాషలో దీనికి ఓలియం నైగ్రం అని పేరు పెట్టారు. అర్థం నల్లనూనె అనే. విశాఖపట్నం, ఏలూరు ప్రాంతాల్లో తయారైన నూనెకు మంచి పేరు ఉండేది.

దీన్ని ఐరోపా వైద్యుల వాడుకలోకి తెచ్చినవాడిగా డాక్టర్ హెర్క్‌లాట్స్ పేరు ఔషధ గ్రంథాల్లో నిలిచింది. మద్రాసు సైన్యంలో శస్త్రవైద్యుడైన ఈయనే 1832లో లండన్‌లో వెలువడిన 'కానూన్-ఇ-ఇస్లాం' గ్రంథానికి అనువాదకుడు. దక్కన్ ముస్లింల ఆచారాలను వర్ణించే ఆ గ్రంథాన్ని రచించిన జాఫర్ షరీఫ్ ఏలూరులో పుట్టినవాడు. పుస్తకం విషయంలో స్థానిక రచయిత పేరు ముఖపత్రం మీద నిలిచింది. నూనె విషయంలో అలా జరగలేదు. గింజలు ఏరినవారు, పాళ్లు తెలిసినవారు, కుండ దింపినవారు చరిత్రలో పేరు లేకుండా మిగిలారు. వలస కాలపు వైద్య గ్రంథాలను చదివేటప్పుడు ఈ తేడాను మీరు తరచుగా గమనిస్తారు.

1.4 పరీక్ష ఎలా జరిగింది?

పరీక్ష అనగానే ఈనాటి ప్రయోగశాలను ఊహించుకోకండి. సైనిక ఆసుపత్రిలో చేరిన రోగికి వైద్యుడు మందు ఇచ్చేవాడు, ఏం జరిగిందో చూసేవాడు, దాన్ని రాసుకునేవాడు. నల్లనూనె మోతాదు రోజుకు రెండుసార్లు 10 నుంచి 15 చుక్కలు. మందు పడిన కొద్ది గంటల్లోనే ఒళ్లు వెచ్చబడి ధారగా చెమట పట్టేదని, అయినా రోగి నీరసించేవాడు కాదని వైద్యులు నమోదు చేశారు.

నల్లనూనెతోపాటు మాల్కమ్సన్ గ్రంథంలో ప్రముఖంగా కనిపించే మరో మందు తిర్యాఖ్-ఇ-ఫారూఖ్. ఇది ఎన్నో దినుసులు కలిపి చేసే యునానీ లేహ్యం. ఈ రెండూ దేశీయ వైద్యం నుంచి కంపెనీ వైద్యులు స్వీకరించినవే. స్థానిక వైద్యాన్ని చిన్నచూపు చూసిన పాలకులే, తమ మందులు పనిచేయని చోట దాని వైపు చేయి చాచారన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

1868లో ఎడ్వర్డ్ జాన్ వేరింగ్ సంపాదకత్వంలో ప్రభుత్వ ఆదేశం మీద వెలువడిన 'ఫార్మకోపియా ఆఫ్ ఇండియా'లో నల్లనూనె ప్రస్తావన చేరింది. మరుసటి ఏడు, మద్రాసు వైద్యుడు మొహిదీన్ షరీఫ్ ఆ గ్రంథానికి అనుబంధం ప్రచురించి, మూలికల పేర్లను తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో సరిచూసి ఇచ్చాడు. పేర్ల విషయంలో ఇంత శ్రమ ఎందుకంటే, ఒకే పేరుతో వేర్వేరు చోట్ల వేర్వేరు మొక్కలు చలామణి అవుతాయి. జ్యోతిష్మతి అంటే కొన్ని ప్రాంతాల్లో మాలకంగుని, మరికొన్ని ప్రాంతాల్లో బుడ్డకాకర. మొక్క ఏదో తేలకుండా దాని గుణం గురించి వాదించడం వ్యర్థం.

1.5 ఆ పరీక్షలో లోపించింది ఏమిటి?

నల్లనూనె ఇస్తే చెమట పట్టింది. ఇది అబద్ధం కాదు. రోగి ఒళ్లు వెచ్చబడింది. అదీ నిజమే. ఉత్తేజక లక్షణం కంటికి కనిపించింది. మరి లోపం ఎక్కడ ఉంది? నాలుగు అంశాలను పరిశీలిద్దాం.

మొదటిది, పోలిక లేదు. మందు పుచ్చుకున్న రోగుల పక్కన, అదే స్థితిలో ఉండి మందు పుచ్చుకోని రోగులను ఉంచి చూడలేదు. కోలుకున్నవారిని మందు ఖాతాలో, చనిపోయినవారిని వ్యాధి ఖాతాలో వేయడం సులువు.

రెండవది, మందుతోపాటు ఇతర విషయాలూ మారాయి. ఆసుపత్రిలో చేరిన సిపాయికి విశ్రాంతి దొరుకుతుంది. తిండి మారవచ్చు. కొందరిని వేరే చోటికి పంపవచ్చు. వీటిలో ఏది మేలు చేసిందో విడదీయడానికి వీలు లేదు.

మూడవది, మందు ఒకటి కాదు. నల్లనూనెలో లవంగం ఉంది. లవంగ నూనె పంటి నొప్పిని తగ్గిస్తుందని మీకు తెలుసు. జాజికాయ, జాపత్రి కూడా ఘాటైన సుగంధ ద్రవ్యాలే. ఇవన్నీ కలిసి మాడిన తర్వాత, కనిపించిన గుణం మాలకంగునిదా, లవంగానిదా, కాల్చడంలో కొత్తగా పుట్టిన పదార్థాలదా?

నాలుగవది, కొలిచింది ఒకటి, తేల్చవలసింది మరొకటి. చెమట పట్టడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. వ్యాధి పోతోందనడానికి అది గుర్తు కాదు. వ్యాధి చలి వల్ల వచ్చిందని ముందే నమ్మినవారికి ఈ రెండూ ఒకటిగా కనిపించాయి.

ఇంకొక అంశాన్ని కూడా మరువకూడదు. రోగి సైన్యంలో ఉన్నవాడు. వైద్యుడి మాట అతనికి ఆజ్ఞ. మందు వద్దనే స్వేచ్ఛ అతనికి ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. పరీక్షకు లోనయ్యే మనిషి అంగీకారం అవసరమన్న నియమం చాలా కాలం తర్వాత, 20వ శతాబ్దపు చేదు అనుభవాల నుంచి స్థిరపడింది.

1.6 పోలిక నేర్పిన జైళ్లు

అసలు కారణం వైపు దారి చూపింది జావా ద్వీపం. డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ అక్కడ బెరిబెరిని కలిగించే సూక్ష్మజీవి కోసం వెతుకుతుండగా, ప్రయోగశాలలోని కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోవడం గమనించాడు. సైనిక ఆసుపత్రి వంటశాల నుంచి వచ్చిన తెల్లని అన్నం తిన్నంత కాలం కోళ్లు జబ్బుపడ్డాయి. ఆ అన్నం ఆగి, ముతక బియ్యం పెట్టగానే కోలుకున్నాయి.

కోళ్లకు నిజమైనది మనుషులకూ నిజమా? ఐక్మన్ మిత్రుడు, జైళ్ల తనిఖీ బాధ్యత ఉన్న ఫోర్డెర్మన్ 1890ల్లో 101 జైళ్ల వివరాలు సేకరించాడు. ఫలితం ఇలా ఉంది:

– పొర తీయని ముతక బియ్యం వాడిన 37 జైళ్లలో ఒక్కదానిలో మాత్రమే బెరిబెరి కనిపించింది.
– రెండు రకాలూ కలిపి వాడిన 13 జైళ్లలో 6 చోట్ల కనిపించింది.
– తెల్లగా పాలిష్ చేసిన బియ్యం వాడిన 51 జైళ్లలో 36 చోట్ల కనిపించింది.

ఆయన అక్కడితో ఆగలేదు. భవనం పాతదా కొత్తదా, గాలి ఆడుతుందా, ఖైదీలు కిక్కిరిసి ఉన్నారా అన్నవి కూడా చూశాడు. వాటికీ వ్యాధికీ సంబంధం కనిపించలేదు. గాలి, చెమ్మల సిద్ధాంతం ఇక్కడ బలహీనపడింది.

నల్లనూనె పరీక్షకూ ఈ సర్వేకూ ఉన్న తేడాను పోల్చి చూడండి. మొదటిది 'ఈ మందు ఇస్తే ఏమవుతుంది?' అని అడిగింది. రెండవది 'జబ్బుపడినవారికీ పడనివారికీ తేడా ఏమిటి?' అని అడిగింది. ప్రశ్న మారడంతో జవాబు దొరికింది. 1907లో మలయాలో ఫ్రేజర్, స్టాంటన్ అనే వైద్యులు రోడ్డు పని కూలీలను రెండు గుంపులుగా విడదీసి, వేర్వేరు బియ్యం పెట్టి, తర్వాత బియ్యాన్ని తారుమారు చేసి ఈ విషయాన్ని మరింత గట్టిపరచారు. అక్కడ కూడా పరీక్ష భారం మోసింది వలస కూలీలే.

బియ్యంలో ఏదో విషం ఉందని ఐక్మన్ మొదట అనుకున్నాడు. విషం ఉండటం కాదు, అవసరమైనదేదో లేకపోవడమే కారణమని ఆయన తర్వాత ఆ పని కొనసాగించిన గ్రైన్స్ 1901లో వివరించాడు. ఆ 'ఏదో' తవుడులో ఉంది. 1926లో దాన్ని శుద్ధ స్ఫటికాలుగా వేరుచేశారు. 1936లో కృత్రిమంగా తయారుచేశారు. దాన్నే ఈనాడు థయమిన్, లేదా బి1 విటమిన్ అంటున్నాం. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

1.7 మళ్లీ మన కోస్తాకు

ఈ వెలుగులో ఉత్తర సర్కారుల వైపు తిరిగి చూడండి. వ్యాధి తీరం వెంట ఎక్కువగా ఉన్నది ఎందుకు? ఆ తీరం వరి అన్నం తినే నేల. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టినప్పుడు తవుడులోని థయమిన్ కొంత గింజలోకి ఇంకి నిలుస్తుంది. తెలుగు కోస్తాలో పచ్చి బియ్యం వాడుక ఎక్కువ. బియ్యాన్ని తెల్లబడేదాకా దంచి, పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే, నీటిలో కరిగే ఈ విటమిన్ అంచెలంచెలుగా పోతుంది. మరమిల్లులు రాకముందే కొన్నిచోట్ల వ్యాధి ఉండటాన్ని, మిల్లులు వచ్చాక దాని ముప్పు పెరగడాన్ని ఈ విధంగా అర్థం చేసుకోవచ్చు.

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట నేలల పరిస్థితి వేరు. మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు జొన్న, సజ్జ ప్రధానమైన తిండి. జొన్నరొట్టె, గట్క, అంబలి తినేవారికి గింజ పైపొర కూడా కడుపులోకి చేరేది. బెరిబెరి ప్రాంతమని వైద్య నివేదికల్లో పేరుపడింది కోస్తా వరి నేలకే. పేదవాడి తిండిగా చులకనైన జొన్న ఈ ఒక్క విషయంలో తినేవారిని కాపాడింది.

1918లో తమిళనాడులోని కూనూర్ పాశ్చర్ సంస్థలో ఒకే గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన 'బెరిబెరి విచారణ' విభాగం క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది. దాని సంచాలకుడైన ఎక్రాయిడ్, ఆయన సహచరులు 1940 ప్రాంతంలో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో బియ్యం సమస్యను, పసిపిల్లల మరణాలను అధ్యయనం చేశారు. తల్లి తిండిలో థయమిన్ కొరవడితే ఆమె పాలలోనూ కొరవడుతుంది. పాలు తాగే పసిబిడ్డ కొద్ది నెలల వయసులోనే ప్రమాదంలో పడుతుంది. ఆ పరిశోధనాలయం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తార్నాకలో మీరు చూసే ఆ సంస్థకు మూలం బెరిబెరే.

1.8 ప్రయోగశాలలో మాలకంగుని

అయితే మాలకంగుని పనికిరానిదని అర్థమా? కాదు. బెరిబెరికి మందు కాదని మాత్రమే ఈ చరిత్ర చెబుతోంది. నొప్పి మీద, నాడీమండలం మీద దాని ప్రభావం వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను వేరుగానే పరీక్షించాలి.

20వ శతాబ్దంలో నొప్పిని కొలవడానికి కొన్ని స్థిరమైన పద్ధతులు ఏర్పడ్డాయి. 1941లో ఎలుక తోక మీద వేడి కిరణాన్ని పడనిచ్చి, ఎన్ని క్షణాలకు తోకను తీసుకుంటుందో లెక్కించే పద్ధతిని వర్ణించారు. 1944లో చుంచెలుకను వెచ్చని పలక మీద ఉంచి స్పందన కాలాన్ని కొలిచే పద్ధతి వచ్చింది. మందు ఇచ్చిన గుంపు, ఇవ్వని గుంపు, తెలిసిన నొప్పిమాత్ర ఇచ్చిన గుంపు పక్కపక్కన ఉంటాయి. మాల్కమ్సన్ కాలంలో లేని పోలిక ఇక్కడ ఉంది. మాలకంగుని సారాలను ఇటువంటి పద్ధతుల్లో పరీక్షించినప్పుడు జంతువుల్లో నొప్పి స్పందన, వాపు తగ్గినట్లు కొన్ని అధ్యయనాలు చూపాయి. జంతువుల్లో కనిపించిన గుణం మనుషుల్లో నిలుస్తుందా, ఎంత మోతాదులో సురక్షితం అన్నవి ఆ తర్వాతి మెట్లు.

ఉత్తేజక గుణం విషయంలో మరింత ఆసక్తికరమైన మలుపు ఉంది. 1950ల్లో భారతీయ ఔషధ పరిశోధకులు మాలకంగుని గింజల నూనెను జంతువుల మీద పరీక్షించి, అది నాడీమండలాన్ని శాంతపరిచే మందుగా వర్ణించారు. నూరేళ్ల పైచిలుకు క్రితం ఉత్తేజకమని పేరుపొందిన మొక్క ఇప్పుడు శాంతకమైంది! ఇద్దరిలో ఎవరు తప్పు? ఎవరూ కాకపోవచ్చు. సైనిక వైద్యులు ఇచ్చింది సుగంధ ద్రవ్యాలతో కాల్చి దింపిన నల్లనూనె. పరిశోధకులు ఇచ్చింది గింజల నూనె. పైగా 'ఉత్తేజకం' అన్న మాటకు అర్థమూ మారింది. 19వ శతాబ్దంలో ఒంటిని వేడెక్కించి రక్తప్రసరణను పెంచేది ఉత్తేజకం. ఇప్పుడు ఆ మాటను ఎక్కువగా మెదడును, నాడులను చురుకుపరిచే వాటికి వాడుతున్నాం. పాత పత్రాల్లోని మాటను నేటి అర్థంతో చదవడం చరిత్ర విద్యార్థి చేయకూడని పని.

1.9 సారాంశం

ఉత్తర సర్కారుల్లో బెరిబెరికి వాడిన నల్లనూనె స్థానికుల విజ్ఞానం నుంచి వచ్చింది. అది చూపిన ఉత్తేజక ఫలితం నిజమే. కానీ ఆ ఫలితాన్ని చికిత్సగా పొరబడటం వల్ల, పోలిక లేకపోవడం వల్ల, వ్యాధి కారణం మరుగున ఉండిపోయింది. నివారణ అదే ఊళ్లో, పశువుల తొట్టిలో వేసే తవుడులో ఉంది. సంప్రదాయ వైద్యాన్ని గుడ్డిగా నమ్మడానికి గానీ, చులకన చేయడానికి గానీ ఈ కథను వాడుకోవడం సరికాదు. నల్లనూనె కుండ దింపినవారి దగ్గరా, దాన్ని మెచ్చుకున్న ఐరోపా వైద్యుల దగ్గరా లేనిది ఒక్కటే: సరైన ప్రశ్న. ఆ లోటుకు మూల్యం చెల్లించింది సిపాయిలు, కూలీలు, పసిపిల్లలు.

1.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బెరిబెరికి ఉత్తేజక మందు తగినదని 19వ శతాబ్దపు వైద్యులు ఎందుకు భావించారు?
2. నల్లనూనె పరీక్షలోని నాలుగు లోపాలను పేర్కొనండి.
3. ఫోర్డెర్మన్ భవనాల వయసును, గాలి వసతిని కూడా ఎందుకు పరిశీలించాడు?
4. మాలకంగునిని ఒకప్పుడు ఉత్తేజకమని, తర్వాత శాంతకమని అనడానికి గల కారణాలను చర్చించండి.

క్షేత్రకార్యం: మోత్కూర్‌లో గానీ, మీ సొంత ఊరిలో గానీ నొప్పులకు వాడే ఒక మూలిక గురించి ఇద్దరు పెద్దలను అడగండి. మొక్కకు వారు చెప్పే పేరు, వాడే భాగం, తయారీ పద్ధతి, ఏ నొప్పికి వాడతారు, ఎన్నాళ్లకు తగ్గుతుందంటారు, ఆ సమయంలో పాటించే పథ్యం ఏమిటి అన్న వివరాలను వేర్వేరుగా రాయండి. వారు ఒప్పుకుంటే, చెప్పినవారి పేరును తప్పక నమోదు చేయండి. మందును మీరు రుచి చూడవద్దు, ఇతరులకు ఇవ్వవద్దు. చివరగా, ఆ మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలంటే ఎవరిని ఎవరితో పోల్చాలో ఒక పేజీలో వివరించండి.